చిన్న కళాశాలలో ఇంగ్లీషు పట్టము
(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగము)

  

గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఇంగ్లీషు పట్టపు చదువును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. తెలుగు పుస్తకముల నడుమ జరుగు ఉత్సవమున భారతమును గూర్చియో భాగవతమును గూర్చియో ముచ్చటించుట మర్యాద. కాని ఈ గ్రంథాలయపు గడప త్రొక్కువారిని కొంచెము పరికించి చూచినచో విషయౌచిత్యము దానంతటదియే బోధపడగలదు. ప్రొద్దున్నే పుస్తకముల సంచి భుజమున తగిలించుకొని బస్సుకొరకు నిలుచు బాలబాలికలు సూర్యాపేటకో, కోదాడకో, మిర్యాలగూడకో పోయి చదువుకొనుచున్నారు. వారిలో ఇంగ్లీషు సాహిత్యమును ప్రధాన విషయముగా గైకొన్నవారు కొందరు. ఇతర విషయములు గైకొన్నను ఇంగ్లీషును తప్పనిసరిగా చదువవలసినవారు తక్కినవారందరు. అనగా ఇది ఒకరిద్దరి చదువు గాదు. ప్రతి యింటి చదువు. కనుక ఊరందరును కూర్చుండి విచారింపదగిన వ్యవహారము.

ఈ చదువును గూర్చి పెద్దలు రెండు ప్రశ్నలు అడుగుచుందురు. మొదటిది: "బి.ఏ.లో ఇంగ్లీషు చదివినచో ఆ చదువు కూడు పెట్టునా?" రెండవది: "హైదరాబాదులోని పెద్ద కళాశాలలో చదివినచో సరే, ఇక్కడి చిన్న కళాశాలలో చదివినదియు ఒక ఇంగ్లీషేనా?" రెండును న్యాయమైన ప్రశ్నలే. కన్నబిడ్డ వయస్సులో మూడేండ్లను, ఇంటి సొమ్ములో కొంత భాగమును పెట్టుబడిగా పెట్టు తండ్రి లెక్క అడుగుట తప్పు గాదు. అడుగకుండుటయే తప్పు. అయితే లెక్క సరిగా చూడవలెనన్న జమ ఒక వైపున, ఖర్చు ఒక వైపున పూర్తిగా వ్రాయవలెను. ఒక వైపు మాత్రమే చూచి మొత్తము వేయరాదు.

ముందుగా ఒక సంగతి. పరభాషను చదువుట ఈ సీమకు క్రొత్త గాదు. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండమీద బౌద్ధ భిక్షువుల విహారము వెలసియున్న కాలమున చదువుల భాష ప్రాకృతము. అచ్చట ప్రాకృత శాసనములు లభించినవి. తరువాత కాకతీయుల నాడు పండితుల భాష సంస్కృతము. సూర్యాపేటకు చేరువనున్న పిల్లలమర్రిలో 1202లో నామేశ్వరాలయమును, 1208లో ఎరకేశ్వరాలయమును కట్టించిన రేచర్ల రెడ్ల కాలము అదియే. ఆసఫ్‌జాహీల పాలనలో కచేరీ భాష మొదట పారసీకము, పిమ్మట ఉర్దూ. ఆ దొరతనము పోయినను పహాణీ, జమాబందీ, తహసీలు, దస్తావేజు అను మాటలు పోలేదు. నేటికిని రైతు నాలుకపై ఆడుచునే యున్నవి. ఇప్పుడు కోర్టు, బస్సు, స్టేషను, బ్యాంకు అను మాటలు వానిప్రక్కన చేరినవి. ఏలువారి భాషలు వచ్చినవి, పోయినవి. నాగలికి, నారుమడికి, కోతకు, కుప్పకు మాత్రము తెలుగు పేర్లే నిలిచినవి. దీనినిబట్టి రెండు విషయములు తేటపడుచున్నవి. పరభాష నేర్చినంత మాత్రమున తెలుగు చెడిపోదు. పరభాష రానివాడు మాత్రము కచేరీ గుమ్మము బయటనే నిలువవలసి వచ్చును. పూర్వము ఉర్దూ రాని రైతు తన భూమి కాగితమును ఇంకొకనిచేత చదివించుకొని, చదివినవాడు చెప్పినదే నిజమని నమ్మవలసివచ్చెడిది. నేడు ఇంగ్లీషు రానివానికి అదియే గతి పట్టుచున్నది.

ఉన్నతవిద్య ఈ ఊళ్ల దగ్గరకు వచ్చిన చరిత్రను కూడ కొంత జ్ఞాపకము చేసికొనవలెను. నిజాము రాజ్యమున పట్టపు చదువునకు ప్రధాన స్థానము హైదరాబాదు నగరము. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల చాలకాలము మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నుండెను. 1917లో వెలువడిన ఫర్మానా ననుసరించి 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. అచ్చట బోధనాభాష ఉర్దూ. ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యము. ఇంటిలో తెలుగు, తరగతిలో ఉర్దూ, దానితోపాటు ఇంగ్లీషు. మూడు భాషల బరువు మోయగలిగిన తెలుగు బాలుడు మాత్రమే పట్టభద్రుడు కాగలిగెడివాడు. పల్లెనుండి నగరమునకు పోయి, అద్దె గదిలో నుండి, మూడు భాషలలో నెగ్గుకొని రాగలవారు ఎందరుందురు? 1938లో వందేమాతరము పాడినందుకు ఉస్మానియానుండి విద్యార్థులు బహిష్కరింపబడినప్పుడు పలువురు నాగపూరు పోయి చదువు సాగించిరి. తరువాతి కాలమున భారత ప్రధానమంత్రి యైన పి.వి. నరసింహారావుగారు వారిలో ఒకరు. చదువుకొరకు వందలమైళ్లు పోవలసిన రోజులు అవి.

1948లో నిజాము పాలన ముగిసిన తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానమున ఇంగ్లీషు బోధనాభాష యైనది. 1956లో నల్లగొండలో నాగార్జున కళాశాల వెలసినది. పిమ్మట సూర్యాపేటలో శ్రీ వేంకటేశ్వర కళాశాల, కోదాడలో కె.ఆర్.ఆర్. కళాశాల, మిర్యాలగూడలో కె.ఎన్.ఎం. కళాశాల పట్టపు చదువును పల్లెలకు బస్సు దూరమునకు తెచ్చినవి. 2007లో నల్లగొండలోనే విశ్వవిద్యాలయము ఏర్పడి మహాత్మాగాంధీ పేరు వహించినది. కళాశాల మెట్లు ఎక్కజాలని వారికొరకు 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయము పుట్టినది. 1991 నుండి అది డాక్టరు అంబేద్కరు పేరుతో నడచుచున్నది. పగలు పొలములోనో దుకాణములోనో పనిచేయువాడును అందు చేరి పట్టము పొందవచ్చును. 2016 నుండి డిగ్రీ ప్రవేశములు 'దోస్త్' అను పద్ధతిచే జరుగుచుండుటవలన ఊరి బాలిక సయితము దరఖాస్తు కొరకు కళాశాల కళాశాలకు తిరుగవలసిన పని తప్పినది. తాతలు మూడు భాషల బరువుతో నగరమునకు పోయి వెదకిన చదువు మనుమల ఊరి ప్రక్కకు వచ్చి నిలిచినది. ఇంత దగ్గరకు వచ్చినదానిని "చిన్నది" యని తీసివేయుట తగునా?

చిన్న, పెద్ద యనుటను నాగార్జునసాగరపు ఎడమ కాలువను చూచి తెలిసికొనవలెను. 1955 డిసెంబరు 10న పునాది పడిన ఆ మహాజలాశయపు నీరు సాగరములో నుండగా ఒక్క గింజనైన పండించదు. లాల్ బహదూర్ కాలువలో పడి, మేజరులోనికి తిరిగి, మైనరులోనికి పారి, చివరకు జానెడు వెడల్పుగల పిల్లకాలువ గుండ మడిలోనికి వచ్చినప్పుడే మిర్యాలగూడ బియ్యము బియ్యమగుచున్నది. పిల్లకాలువ చిన్నదే, కాని దానిలో పారునది సాగరపు నీరే. చిన్న కళాశాలయు నట్టిదే. అచ్చట చదువు షేక్స్‌పియరు వేరు, ఆక్స్‌ఫర్డులో చదువు షేక్స్‌పియరు వేరు గాదు. పుస్తకము ఒకటే, అక్షరము ఒకటే. అయితే కాలువ చివరి భూముల రైతులకు మరియొక సత్యము కూడ తెలియును. పైనున్నవారు తూములు తెరచుకొన్నచో చివరి మడికి నీరు రాదు. పూడిక తీయకున్నను రాదు. అందువలన చివరి ఆయకట్టు రైతు నీరు తనంతట వచ్చునని గట్టుపై కూర్చుండడు. పార భుజాన వేసికొని కాలువ వెంబడి ఎదురుపోవును. చిన్న కళాశాల విద్యార్థి చేయవలసినదియు అదియే. అధ్యాపకుల కొరత యుండవచ్చును. గ్రంథాలయములో పుస్తకములు తక్కువగా నుండవచ్చును. తరగతిలో వినిపించు ఇంగ్లీషు సగము అర్థము గాకపోవచ్చును. అయినను పుస్తకమునకు ఎదురుపోయిన విద్యార్థికి నీరు అందును, ఎదురుచూచినవానికి అందదు.

చిన్న ఊళ్ల కళాశాలలు తెలుగుదేశమునకు చేసిన మేలు సామాన్యము గాదు. గురజాడ అప్పారావుగారు 1886లో విజయనగరము మహారాజా కళాశాలయందు పట్టము పొంది, పిమ్మట అచ్చటనే ఉపన్యాసకులైరి. ఇంగ్లీషున పద్యములు వ్రాయగలిగిన ఆయన 'కన్యాశుల్కము'ను మాత్రము జనులు మాటలాడు తెలుగున వ్రాసి, 1897లో అచ్చువేయించి, దానికి ఇంగ్లీషులో పీఠిక కూర్చిరి. పరభాష నేర్చిన ఫలితముగా తన భాషయొక్క బలము తెలిసిన ఉదాహరణము అది. మదనపల్లెలో 1915లో వెలసిన దివ్యజ్ఞాన కళాశాల ఇంకను చిన్నది. అయినను దాని ప్రధానాచార్యులు జేమ్స్ కజిన్స్ ఐర్లండు దేశపు కవి. 1919లో రవీంద్రనాథ ఠాకూరు అచ్చటికి వచ్చి, తన 'జనగణమన' గీతమును ఆ ఊరిలోనే ఇంగ్లీషులోనికి అనువదించెను. దానికి స్వరము కుదిర్చిన వారు మార్గరెట్ కజిన్స్. జాతీయ గీతముయొక్క ఇంగ్లీషు రూపము కలకత్తాలో గాక, లండనులో గాక, రాయలసీమలోని ఒక చిన్న కళాశాలలో పుట్టినది.

అసలు ఇంగ్లీషు సాహిత్యమును కళాశాల పాఠముగా చదువుటలో భారతదేశము ఇంగ్లండునకు వెనుకబడినది గాదు. మెకాలే తన పత్రమును 1835లో వ్రాసెను. మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో ఏర్పడినది. ఆక్స్‌ఫర్డులో ఇంగ్లీషు సాహిత్యమునకు ప్రత్యేక శాఖ 1894లోను, కేంబ్రిడ్జిలో ప్రత్యేక పరీక్ష 1917లోను గాని యేర్పడలేదు. అంతవరకు అచ్చటి పండితులు గ్రీకు, లాటిను భాషలే ఉన్నతవిద్య యని తలచుచుండిరి. అప్పటికే ఈ దేశపు విద్యార్థులు షేక్స్‌పియరు, మిల్టనులను పరీక్షలకు చదువుచుండిరి. పాలకులు ఈ చదువును తమ ప్రయోజనమునకే ప్రవేశపెట్టిరి. తమ మాట వినెడి ఉద్యోగులను తయారు చేసికొనుట వారి ఉద్దేశము. కాని విత్తిన వాడొకడు, పంట కోసిన వాడింకొకడు అయినట్లు, ఆ చదువు చదివినవారే వారిని ప్రశ్నించిరి. తెలుగునకు క్రొత్త ప్రక్రియలను కొనివచ్చిరి. గోల్డుస్మిత్తు నవలను చూచి కందుకూరి వీరేశలింగముగారు 'రాజశేఖర చరిత్రము'ను వ్రాసిరి. అది తిరిగి 1887లో ఇంగ్లీషులోనికే అనువాదమైనది. ఆ గోల్డుస్మిత్తు పద్యకథనే ఆధారము చేసికొని రాయప్రోలు సుబ్బారావుగారు 'లలిత'ను రచించిరి. ఆయనయే పిమ్మట ఉస్మానియాలో తెలుగు ఆచార్యులుగా నుండిరి. పరభాషనుండి గ్రహించి స్వభాషను పెంచుట తెలుగువారికి ఆదినుండియు వచ్చిన మర్యాద. నన్నయ, తిక్కన, ఎర్రనలు చేసినది అదియే గదా!

ఇక కష్టమెక్కడ నున్నదో చూడవలెను. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమమున చదివిన బాలుడు డిగ్రీ తరగతిలో కూర్చుండగనే ఇంగ్లీషు ఉపన్యాసము అతని తలపైనుండి పోవుచున్నది. అడుగుటకు సిగ్గు. అడిగినచో ప్రక్కవాడు నవ్వునేమోయని భయము. కొన్నాళ్లకు తరగతికి పోవుట మానును. పరీక్షకు నెలదినములు ముందు బజారులో గైడు కొని, ప్రశ్నలకు జవాబులు కంఠస్థము చేసి, వ్రాసి వచ్చును. నాటకము పేరు తెలియును, నాటకము తెలియదు. పాత్ర స్వభావమును గూర్చి రెండు పుటలు వ్రాయగలడు, ఆ పాత్ర పలికిన మాట ఒక్కటియు చదివి యెరుగడు. ఇది చిట్టా చూడక ఆవర్జా వ్రాసినట్లున్నది. మొత్తములు సరిపోయినట్లు కనబడును. లోపల లెక్క శూన్యము. పట్టము చేతికి వచ్చిన తరువాత ఉద్యోగమునకు పోయి నాలుగు మాటలు ఆడవలసివచ్చినప్పుడు ఆ శూన్యము బయటపడుచున్నది. అప్పుడు తండ్రి కళాశాలను నిందించును. బాలుడు తన నుదుటివ్రాతను నిందించుకొనును. పూడిక ఎక్కడ పడినదో చూచువారుండరు.

ఈ పూడిక తీయుటకు కావలసిన పార మన పెద్దల చేతిలోనే యున్నది. సంస్కృత కావ్యమును పూర్వులు ఎట్లు చదివిరి? మొదట శ్లోకమును బిగ్గరగా చదువుట; పిమ్మట పదవిభాగము; ఆపై అన్వయము; తరువాత ప్రతిపదార్థము; చివర తాత్పర్యము. ఇంగ్లీషు పుటను కూడ ఇట్లే చదువవచ్చును. అందులో అన్వయము మిక్కిలి ముఖ్యము. తెలుగు వాక్యమున క్రియ చివర వచ్చును. ఇంగ్లీషున కర్తకును కర్మకును నడుమ వచ్చును. "రైతు ఎద్దును కొనెను" అన్నను, "ఎద్దును రైతు కొనెను" అన్నను తెలుగున అర్థము చెడదు. ద్వితీయావిభక్తి ఎద్దును కాపాడుచున్నది. ఇంగ్లీషున అట్టి విభక్తి లేదు. మాట యున్న చోటే దాని విభక్తి. చోటు మార్చినచో ఎద్దే రైతును సంతలో కొని తోలుకొని వచ్చును! ఈ ఒక్క భేదము మనస్సునకు పట్టిన విద్యార్థికి ఇంగ్లీషు వాక్యములో సగము చిక్కు విడిపోవును. తక్కిన సగము విభక్తులకు మారుగా నామముల ముందు వచ్చు చిన్న చిన్న మాటలలో నున్నది. వానిని జాబితా వ్రాసికొని, వాక్యములతో సహా కంఠస్థము చేయుటయే మార్గము. అమరకోశము కంఠస్థము చేసిన జాతికి ఇది కష్టము గాదు.

మరియొక ఉపాయము ఇంగ్లండు దేశముననే పుట్టినది. ఎలిజబెత్తు రాణికి చదువు చెప్పిన రోజర్ ఆస్కమ్ అను పండితుని గ్రంథము 1570లో వెలువడినది. లాటిను నేర్పుటకు ఆయన చెప్పిన పద్ధతి యేమన: విద్యార్థి లాటిను వచనమును తన భాషలోనికి మార్చి వ్రాయవలెను, కొంతసేపటి తరువాత మూలమును మూసిపెట్టి, తన భాషనుండి తిరిగి లాటినులోనికి వ్రాయవలెను, అటుపిమ్మట మూలముతో పోల్చి చూచుకొనవలెను. ఎక్కడ తప్పిపోయెనో తనకే తెలియును. దీనికి గురువు ఎల్లప్పుడు ప్రక్కన నుండనక్కరలేదు, ఖర్చును లేదు. ఒక పుస్తకము, ఒక నోటుబుక్కు, ఒక దీపము చాలును. దినమునకు పది పంక్తులు ఇట్లు చేసిన విద్యార్థి మూడేండ్లలో గైడును మరచిపోవును.

ఇంగ్లీషువాడు తెలుగు నేర్చిన కథయు ఇందుకు సాక్ష్యము. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1817లో మద్రాసునకు వచ్చెను. అప్పటికి తెలుగు నేర్చుటకు ఆయనకు సరియైన నిఘంటువు లేదు. అచ్చుపడిన పుస్తకములు అరుదు. పండితులను కూర్చుండబెట్టుకొని, తాళపత్ర ప్రతులు తెప్పించి, పాఠములు పోల్చి, మాటలు ఒక్కొక్కటిగ ఎత్తి వ్రాసికొనెను. 1829లో వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో అచ్చువేయించెను. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించెను. తనకు లేని నిఘంటువును ఇతరులకు తయారుచేసి యిచ్చెను.  భాష నేర్పునది భవనము గాదు, పట్టుదల.

చదివిన దానివలన జీవితమునకు ఏమి వచ్చుననునది తరువాతి ప్రశ్న. థామస్ గ్రే అను కవి 1751లో ప్రకటించిన ఒక శోకగీతమున పల్లెటూరి శ్మశానమే రంగము. చదువు అవకాశము లేక, లోనున్న ప్రతిభ వెలుగు చూడక మట్టిలో కలిసిన సామాన్య రైతులను గూర్చి ఆయన దుఃఖించెను. దానిని నగరపు విద్యార్థి పాఠముగా చదువును. పల్లె విద్యార్థి తన తాతను తలచుకొని చదువును. థామస్ హార్డీ రాతిపని చేయించు మేస్త్రి కుమారుడు, విశ్వవిద్యాలయమునకు పోలేదు. 1895 నాటి ఆయన నవల 'జూడ్'లో రాళ్లు చెక్కు ఒక యువకుడు తనంతట తాను గ్రీకు, లాటిను చదివి, విశ్వవిద్యాలయపు ద్వారము తెరచుకొనునేమోయని జీవితమంతయు ఆశపడి చెడును. అట్టి ద్వారము నేడు పల్లె బాలునకు తెరచియున్నదని ఆ నవల చదివినవాడే గట్టిగ గ్రహింపగలడు. కీట్సు వైద్యమునకు శిష్యరికము చేసినవాడు, గ్రీకు రాదు. 1816లో హోమరును ఇంగ్లీషు అనువాదమున చదివి, ఆ ఆనందముననే ప్రసిద్ధమైన పద్యము వ్రాసెను. అనువాదమున చదివినను చదువు చదువే యని ఇంతకంటె వేరు నిదర్శనమేల? ఆర్.కె. నారాయణ్ గారు కళాశాల ప్రవేశ పరీక్షలో తప్పినది ఇంగ్లీషులోనే! ఆయనయే తరువాత ఆ భాషలో దేశదేశముల వారు చదువు నవలలు వ్రాసిరి. 1945లో వెలువడిన 'ది ఇంగ్లీష్ టీచర్' ఒక చిన్న ఊరి కళాశాలలో ఇంగ్లీషు చెప్పు ఉపాధ్యాయుని కథయే. పరీక్ష తప్పిన బాలుని కొట్టబోవు తండ్రి ఒక్క క్షణము ఆగి ఈ సంగతి తలచుకొనవలెను.

మన సీమకే చెందిన ఒక అందమైన పోలిక కూడ కలదు. పదునైదవ శతాబ్దిలో 'శృంగార శాకుంతలము'ను తెలుగున రచించిన పినవీరభద్రుని యింటిపేరు పిల్లలమర్రి. ఆ పేరు సూర్యాపేట చెంతనున్న పిల్లలమర్రిదే యని ఇచ్చటివారి అభిమానము. అదే కాళిదాసు శాకుంతలమును సర్ విలియం జోన్సు 1789లో ఇంగ్లీషు చేసెను. ఆ ఇంగ్లీషునుండి 1791లో జర్మను భాషలోనికి పోగా, దానిని చదివి మహాకవి గేటే పరవశుడయ్యెను. ఒకే శకుంతల ఒక త్రోవను పిల్లలమర్రివారి యింటికి వచ్చినది, మరియొక త్రోవను ఐరోపాకు పోయినది. సూర్యాపేటలో ఇంగ్లీషు బి.ఏ. చదువు విద్యార్థి ఈ రెండు శాకుంతలములను ఎదురెదురుగా పెట్టుకొని చదివినచో, అట్టి అదృష్టము లండను విద్యార్థికి లేదు. వానికి ఒక కన్నే. వీనికి రెండు కన్నులు. కాని తెలుగు విడిచి ఇంగ్లీషు పట్టిన విద్యార్థికి ఆ అదృష్టము చిక్కదు. ఉన్న కన్ను మూసికొని లేని కన్ను తెచ్చుకొన్నవాడు మునుపటివలెనే ఒంటికంటివాడు గదా!

ఇక కూడు ప్రశ్న. దీనికి ఉన్నదున్నట్లు జవాబు చెప్పవలెను. బి.ఏ. పట్టము చేతబట్టుకొన్న మాత్రమున ఎవడును పిలిచి ఉద్యోగ మీయడు. ఇది ఖర్చు వైపు వ్రాయవలసిన సత్యము. జమ వైపు చూడగా: 2022–23 విద్యాసంవత్సరము నుండి ప్రభుత్వ పాఠశాలలలోను ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. కనుక ఇంగ్లీషు చక్కగా చెప్పగల ఉపాధ్యాయుల ఆవశ్యకత పల్లెపల్లెన నున్నది. పట్టముపై బి.ఎడ్. చేసినవారికి ఆ మార్గము కలదు. ఎం.ఏ. చదువగోరువారికి నల్లగొండ, హైదరాబాదు విశ్వవిద్యాలయములు కలవు. హైదరాబాదులో 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా పుట్టి, 2007లో విశ్వవిద్యాలయముగా మారిన విద్యాలయము ఈ భాషకొరకే యేర్పడినది. అనువాదము, పత్రికారచన, న్యాయశాస్త్రము, పోటీ పరీక్షలు – వీని యన్నిటికి భాష పునాది. కాని ఇవి యన్నియు భాష వచ్చినవానికే. పట్టము మాత్రమే వచ్చినవానికి గాదు. ఈ భేదమును తండ్రులు బిడ్డలకు మొదటి దినముననే చెప్పవలెను. "మార్కులెన్ని వచ్చినవి?" అని యడుగుటతోపాటు "ఏ పుస్తకము చదివితివి? కథ చెప్పుము" అని అడుగవలెను. తండ్రికి ఇంగ్లీషు రాకపోయినను పరవాలేదు. కథ తెలుగున చెప్పమనవలెను. చదివినవాడు చెప్పును; చదువనివాడు తడబడును. ఇంతకంటె మంచి పరీక్ష ఏ విశ్వవిద్యాలయమునకును లేదు.

ఆడపిల్లల విషయమున ప్రత్యేకముగా ఒక మాట. నగరపు కళాశాలకు పంపుటకు వెనుదీయు తలిదండ్రులు బస్సు దూరముననున్న కళాశాలకు పంపుచున్నారు. అనగా చిన్న కళాశాల లేకున్న ఆ బాలికకు చదువే లేదు. రెండవ యేడు రాగానే సంబంధము కుదిరినదని మాన్పించుట కాలువ త్రవ్వి, నీరు వచ్చు వేళకు గండి కొట్టుకొనుట వంటిది. మూడవ యేడు ముగియువరకు ఆగుట పెండ్లికొడుకునకు నష్టము గాదు. ఆ యింట పుట్టబోవు బిడ్డలకు మహాలాభము. తల్లి చదువరి యైన యింట పిల్లలకు వేరుగ ట్యూషను అక్కరలేదు.

చివరిమాట గ్రంథాలయమును గూర్చి. ఇరువదియైదేండ్లుగా ఈ బీరువాలు కథలను, పురాణములను, పత్రికలను ఊరికి అందించినవి. ఇకపై మూడు చిన్న పనులు చేపట్టవలెనని సభవారికి విన్నపము. మొదటిది: ఒక బీరువాలో ఒక అరను డిగ్రీ విద్యార్థులకు కేటాయించి, అందు మంచి నిఘంటువులు రెండు, వ్యాకరణము ఒకటి, మూలగ్రంథములు కొన్ని ఉంచవలెను, గైడులు ఉంచరాదు. ప్రతి ఇంగ్లీషు గ్రంథము ప్రక్కన దాని తెలుగు అనువాదము దొరికినచో అదియు నుంచవలెను. రెండవది: వారమున కొక్క సాయంకాలము ఒక గంట, ఒక పుట పెద్దగా చదివి, అన్వయము చెప్పి, తాత్పర్యము తెలుగున విచారించు గోష్ఠి జరుపవలెను. తప్పు పలికినవానిని చూచి నవ్వకూడదను నియమము గోడపై వ్రాసిపెట్టవలెను. మూడవది: పట్టము ముగించిన ప్రతి విద్యార్థియు తాను చదివిన ఒక ఇంగ్లీషు కథనో వ్యాసమునో తెలుగు చేసి, చేతివ్రాతతో గ్రంథాలయమునకు సమర్పింపవలెను. తీసికొన్న నీటికి అది శిస్తు.

ఈ మూడును జరిగినచో, స్వర్ణోత్సవము నాటికి ఈ అరలలో ఊరివారి చేతివ్రాతల వరుస ఒకటి నిలుచును. సాగరము ఎంత దూరమైనను, పిల్లకాలువ పూడిక లేక యున్నంతకాలము మడి ఎండదు. ఆ పూడిక తీయు పార విద్యార్థి చేతను, తండ్రి చేతను, గ్రంథాలయము చేతను గూడ నున్నది.

గ్రంథాలయము నూరేండ్లు వర్ధిల్లుగాక!